విటమిన్ మాత్రలతో పక్షవాతం ఆగుతుందా? ఏ మాత్ర ఎవరికి పనికొస్తుంది, ఏది ప్రమాదం

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే కొడుకు సూట్‌కేసులో ఖర్జూరం, అత్తరుతో పాటు ఈమధ్య మరో వస్తువు కూడా ఉంటోంది. అమ్మీ కోసం ఒకటి, అబ్బా కోసం ఒకటి, విటమిన్ మాత్రల డబ్బాలు. గుండెకు మంచిది, నరాలకు మంచిది, ఫాలిజ్ రాకుండా కాపాడుతుంది అని ఎవరో చెప్పగా కొన్నవి. ఆ డబ్బా బీపీ, షుగర్ మాత్రల పక్కన చేరుతుంది. కొన్నాళ్లకు చాలా ఇళ్లలో ఒక మాట మొదలవుతుంది. "బీపీ మాత్ర వేడి చేస్తోంది, ఇదైతే విటమినే కదా, ఏమీ కాదు." రోజూ వేసుకునే బీపీ మాత్ర రోజు విడిచి రోజు అవుతుంది. తర్వాత పూర్తిగా ఆగిపోతుంది. విటమిన్ డబ్బా మాత్రం ఆగదు.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. విటమిన్లు, ఖనిజ లవణాల మాత్రలకు, పక్షవాతానికి సంబంధం ఉందా లేదా అన్నదానిపై గత 30 ఏళ్లలో లక్షల మందితో పరిశోధనలు జరిగాయి. వాటి సారాంశం ఇది: ఒంట్లో ఒక పోషకం కొరత ఉన్నప్పుడు దాన్ని పూడ్చడం వల్ల కొంత లాభం ఉండొచ్చు. కొరత లేనివాళ్లు పైపైన మింగితే లాభం కనిపించలేదు. రెండు మూడు రకాల మాత్రలతో నష్టం కూడా కనిపించింది. బీపీ మాత్రకు బదులుగా పనిచేసే విటమిన్ మాత్ర ఏదీ లేదు.

పక్షవాతం అంటే ఏమిటి?

మన ఇళ్లలో ఫాలిజ్, లక్వా అని పిలిచేదాన్నే డాక్టర్లు స్ట్రోక్ అంటారు. మెదడులో ఏదో ఒక భాగానికి రక్తం అందకుండా పోవడమే స్ట్రోక్. ఇది రెండు రకాలు. మొదటిది, రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం. ప్రపంచం మొత్తం మీద ఎక్కువగా వచ్చేది ఇదే. రెండోది, రక్తనాళం చిట్లి మెదడులో రక్తస్రావం కావడం. ఇది తక్కువ మందికి వస్తుంది గానీ ప్రాణం మీదికి తెచ్చే అవకాశం ఎక్కువ.

ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఒక మాత్ర రక్తాన్ని కాస్త పలుచన చేస్తే మొదటి రకం కొంత తగ్గవచ్చు, అదే సమయంలో రెండో రకం పెరగవచ్చు. "స్ట్రోక్‌కు మంచిది" అని డబ్బా అమ్మేవాళ్లు ఏ రకం స్ట్రోక్ అన్నది చెప్పరు.

32 దేశాల్లో దాదాపు 27 వేల మందిని పరిశీలించిన ఇంటర్‌స్ట్రోక్ అనే అధ్యయనం 2016లో ఒక లెక్క తేల్చింది. పక్షవాతం ముప్పులో సుమారు 90 శాతానికి పది కారణాలే మూలం. హైబీపీ, పొగ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, నడుము చుట్టూ కొవ్వు, కదలిక లేకపోవడం, సరైన తిండి తినకపోవడం, మానసిక ఒత్తిడి, మద్యం, గుండె జబ్బులు. వీటిలో అన్నిటికంటే పెద్దది బీపీ. పరీక్షించిన దేశాల్లో ఇండియా కూడా ఉంది.

విటమిన్లపై ఈ నమ్మకం ఎలా వచ్చింది?

పండ్లు, కూరగాయలు ఎక్కువ తినేవాళ్లకు పక్షవాతం తక్కువ వస్తుందని చాలా కాలం క్రితమే గమనించారు. పండ్లలో విటమిన్ సి ఉంటుంది, గింజల్లో విటమిన్ ఈ ఉంటుంది, ఆకుకూరల్లో ఫోలేట్ ఉంటుంది. అయితే వాటిని విడిగా తీసి మాత్రగా చేసి ఇస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన అక్కడి నుంచే పుట్టింది.

కానీ పండ్లు తినేవాళ్లు సాధారణంగా పొగ తాగరు, ఎక్కువ నడుస్తారు, డాక్టర్ దగ్గరికి టైముకు వెళ్తారు. విటమిన్ మాత్రలు కొనేవాళ్లు కూడా అంతే. వాళ్లకు జబ్బు తక్కువ రావడం మాత్ర వల్లనా, మిగతా అలవాట్ల వల్లనా అన్నది చూసి చెప్పలేం. అందుకే ట్రయల్స్ చేస్తారు. కొన్ని వేల మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అసలు మాత్ర, ఇంకో గుంపుకు అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్ర ఇచ్చి కొన్నేళ్ల పాటు లెక్క రాస్తారు. కింద చెప్పే అంకెలు ఎక్కువగా అలాంటి ట్రయల్స్ నుంచి వచ్చినవే.

ఫోలిక్ యాసిడ్: కొంత లాభం కనిపించిన మాత్ర ఇదే

రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరిగితే రక్తనాళాలకు మంచిది కాదు. దాన్ని తగ్గించడానికి మూడు బి విటమిన్లు కావాలి. ఫోలిక్ యాసిడ్, బి6, బి12. ఈ మాత్రలు ఇస్తే పక్షవాతం తగ్గుతుందా అని చాలా దేశాల్లో చూశారు. ఫలితాలు ఒకేలా రాలేదు.

ఇప్పటికే ఒకసారి స్ట్రోక్ వచ్చినవాళ్లతో 20 దేశాల్లో జరిగిన విటాటాప్స్ ట్రయల్ ఫలితం 2010లో వచ్చింది. 8,164 మంది పాల్గొన్నారు. బి విటమిన్లతో కచ్చితమైన లాభం ఉందని తేల్చలేకపోయారు. అంతకు ముందు 2006లో వచ్చిన హోప్-2 ట్రయల్‌లో స్ట్రోక్‌లు పావు వంతు తగ్గినట్టు కనిపించినా, మొత్తం గుండె జబ్బుల మీద ప్రభావం తేలలేదు.

2015లో చైనా నుంచి వచ్చిన ఫలితం అందరినీ ఆలోచింపజేసింది. అక్కడి జియాంగ్సు, అన్హుయ్ రాష్ట్రాల్లో 20,702 మంది హైబీపీ రోగులను తీసుకున్నారు. అప్పటికి వాళ్లెవరికీ స్ట్రోక్, గుండెపోటు రాలేదు. సగం మందికి ఎనలాప్రిల్ అనే బీపీ మాత్ర మాత్రమే ఇచ్చారు. మిగతా సగానికి అదే బీపీ మాత్రతో పాటు 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. నాలుగున్నర ఏళ్ల తర్వాత చూస్తే, బీపీ మాత్ర ఒక్కటే వేసుకున్నవాళ్లలో 3.4 శాతం మందికి, రెండూ వేసుకున్నవాళ్లలో 2.7 శాతం మందికి మొదటి స్ట్రోక్ వచ్చింది.

దీన్ని రెండు రకాలుగా చెప్పొచ్చు. "ముప్పు 21 శాతం తగ్గింది" అంటే పెద్దగా వినిపిస్తుంది. అసలు తేడా మాత్రం నూటికి 0.7. అంటే సుమారు 140 మంది నాలుగున్నర ఏళ్లు రోజూ వేసుకుంటే ఒకరికి స్ట్రోక్ తప్పింది. రెండు లెక్కలూ నిజమే. ప్రకటనలో మొదటిదే కనిపిస్తుంది.

ఇక్కడ మూడు విషయాలు గమనించాలి. ఒకటి, ఆ ట్రయల్‌లో ప్రతి ఒక్కరూ బీపీ మాత్ర వేసుకున్నారు. ఫోలిక్ యాసిడ్ దానికి తోడుగా వచ్చింది, బదులుగా కాదు. రెండు, చైనాలో పిండిలో ఫోలిక్ యాసిడ్ తప్పనిసరిగా కలిపే నిబంధన లేదు. అమెరికాలో 1998 నుంచి ఉంది. తిండిలోనే అందుతున్నచోట మాత్రతో కొత్తగా వచ్చేది తక్కువ. రక్తంలో ఫోలేట్ తక్కువగా ఉన్నవాళ్లకే ఆ ట్రయల్‌లో లాభం ఎక్కువ కనిపించింది. మూడు, ట్రయల్‌లో వాడిన మోతాదు 0.8 మిల్లీగ్రాములు. మన మెడికల్ షాపుల్లో మామూలుగా ఇచ్చేది 5 మిల్లీగ్రాముల మాత్ర. అంటే ఆరు రెట్లకు పైగా ఎక్కువ. చైనా ఫలితం చూసి ఈ మాత్ర కొనుక్కోవడం కుదరదు.

తిండి విషయానికొస్తే పాలకూర, తోటకూర, మసూర్ పప్పు, శనగలు, చిక్కుళ్లు, కలేజీలో ఫోలేట్ బాగా ఉంటుంది. ఎక్కువసేపు ఉడికిస్తే, ఉడికించిన నీళ్లు పారబోస్తే చాలావరకు పోతుంది. మన దేశంలో రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు చేర్చి ఇవ్వడం 2021 తర్వాత దశలవారీగా మొదలైంది. బియ్యం కడిగేటప్పుడు వేరుగా కనిపించే ఆ గింజలను ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేస్తున్నారు కొందరు. అవి ప్లాస్టిక్ కాదు.

బి12: షుగర్ మాత్ర వేసుకునేవాళ్లు పరీక్ష చేయించుకోవాలి

బి12 మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లో దొరుకుతుంది. మాంసం తినే ఇళ్లలో కొరత ఉండదనుకుంటారు. కానీ తిన్నది ఒంటికి పట్టాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో, గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో బి12 తగ్గిపోతుంది. అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు, నీరసం దాని గుర్తులు. వీటిని వయసు ప్రభావం అని వదిలేస్తుంటారు.

బి12 కొరత ఉన్న మనిషి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువ మోతాదులో వేసుకుంటే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే ముందు రక్త పరీక్ష, తర్వాత మాత్ర.

షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. కెనడాలో అలాంటి 238 మందితో జరిగిన డివైన్ ట్రయల్‌లో ఎక్కువ మోతాదు బి విటమిన్లు ఇచ్చిన గుంపులో కిడ్నీ పనితీరు ఇంకా వేగంగా పడిపోయింది. గుండెపోటు, స్ట్రోక్ లాంటివి కూడా ఎక్కువయ్యాయి. ఈ ఫలితం 2010లో వచ్చింది. "బి కాంప్లెక్స్ కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది" అన్న మాట అందరికీ వర్తించదు.

విటమిన్ ఈ, బీటా కెరోటిన్: నష్టం తేలినవి

విటమిన్ ఈ క్యాప్సూల్ చర్మానికి, జుట్టుకు అని మొదలై రోజూ మింగే అలవాటుగా మారుతోంది. పక్షవాతం విషయంలో దీని మీద జరిగిన 9 ట్రయల్స్‌ను కలిపి 2010లో ఒక విశ్లేషణ వచ్చింది. మొత్తం 1,18,765 మంది. గడ్డ వల్ల వచ్చే స్ట్రోక్ 10 శాతం తగ్గింది. రక్తస్రావం వల్ల వచ్చేది 22 శాతం పెరిగింది. లెక్కలో చెప్పాలంటే 476 మంది వేసుకుంటే ఒకరికి గడ్డ స్ట్రోక్ తప్పుతుంది. 1,250 మంది వేసుకుంటే ఒకరికి కొత్తగా రక్తస్రావం వస్తుంది. తప్పేదాని కంటే వచ్చేది ప్రాణాంతకం కాబట్టి, ఊరికే వేసుకోవద్దని పరిశోధకులు తేల్చారు.

అమెరికాలో 50 ఏళ్లు దాటిన 14,641 మంది మగ డాక్టర్లతో జరిగిన మరో ట్రయల్‌లో కూడా ఇదే కనిపించింది. విటమిన్ ఈ వేసుకున్నవాళ్లలో 39 మందికి, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 23 మందికి మెదడులో రక్తస్రావమైంది.

బీటా కెరోటిన్ క్యారెట్‌కు రంగునిచ్చే పదార్థం. క్యారెట్ తింటే ఏమీ కాదు. దాన్ని ఎక్కువ మోతాదులో మాత్రగా చేసి ఫిన్లండ్‌లో 29,133 మంది పొగ తాగే మగవాళ్లతో జరిగిన ట్రయల్‌లో ఇచ్చారు. 1994లో ఫలితం చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గడం మాట అటుంచి 18 శాతం పెరిగింది. తర్వాత లోతుగా చూస్తే మెదడులో రక్తస్రావం కూడా ఎక్కువైంది. బీడీ, సిగరెట్ అలవాటున్న మనిషికి "కంటి చూపుకు మంచిది" అని ఈ మాత్ర ఇచ్చేముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

అమెరికా ప్రభుత్వానికి సలహాలిచ్చే నిపుణుల బృందం 2022లో స్పష్టంగా చెప్పింది. గుండె జబ్బులు, స్ట్రోక్, క్యాన్సర్ రాకుండా ఉండాలని విటమిన్ ఈ, బీటా కెరోటిన్ వేసుకోవద్దు. మల్టీవిటమిన్ల గురించి అవునని గానీ కాదని గానీ చెప్పడానికి తగిన ఆధారం లేదు.

కాల్షియం, విటమిన్ డి: ఎముకలకు వేరు, మెదడుకు వేరు

ఎండ తగలడం తక్కువగా ఉండే ఆడవాళ్లలో, ఇంటికే పరిమితమైన పెద్దవాళ్లలో విటమిన్ డి కొరత ఎక్కువ. కొరత ఉంటే వేసుకోవాలి. అది ఎముకల కోసం, కండరాల కోసం. పక్షవాతం ఆపడానికి మాత్రం పనిచేయదని అమెరికాలో 25,871 మందితో జరిగిన వైటల్ ట్రయల్ తేల్చింది. రోజుకు 2,000 యూనిట్లు ఐదేళ్లకు పైగా ఇచ్చినా స్ట్రోక్‌లు తగ్గలేదు.

ఇక 2019లో 277 ట్రయల్స్‌ను, దాదాపు 10 లక్షల మంది వివరాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో కాల్షియం, విటమిన్ డి రెండూ కలిపి వేసుకున్నవాళ్లలో స్ట్రోక్ ముప్పు 17 శాతం ఎక్కువగా కనిపించింది. ఇది పూర్తిగా తేలిపోయిన విషయం కాదు, నిపుణుల్లో చర్చ ఉంది. ఎముకలు గుల్లబారినవాళ్లకు డాక్టర్ రాసిస్తే భయపడి మానేయాల్సిన పని లేదు. కానీ "ఒంటికి బలం" అని తమంతట తాము ఏళ్ల తరబడి మింగేవాళ్లు ఒకసారి ఆగి అడగాలి.

మరో పొరపాటు కూడా జరుగుతోంది. మన దగ్గర 60,000 యూనిట్ల విటమిన్ డి మాత్ర వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు వేసుకోమని రాస్తారు. దాన్ని రోజూ వేసుకునేవాళ్లు, కోర్సు అయిపోయినా ఆపనివాళ్లు ఉన్నారు. విటమిన్ డి మూత్రంలో పోదు, ఒంట్లో పేరుకుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, తికమక, కిడ్నీ దెబ్బతినడం దాకా వెళ్తుంది.

మల్టీవిటమిన్, విటమిన్ సి: లాభం లేదు

పైన చెప్పిన డాక్టర్ల ట్రయల్‌లోనే మల్టీవిటమిన్‌ను 11 ఏళ్లకు పైగా పరీక్షించారు. స్ట్రోక్‌లలో తేడా రాలేదు. రోజుకు 500 మిల్లీగ్రాముల విటమిన్ సి ఎనిమిదేళ్లు ఇచ్చినా అంతే.

నీళ్లలో వేస్తే బుసబుస పొంగే విటమిన్ మాత్రల్లో మాత్రం ఒక మెలిక ఉంది. ఆ పొంగు సోడియం బైకార్బొనేట్ వల్ల వస్తుంది. కొన్నింటిలో ఒక్క మాత్రకే వందల మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. బీపీ మనిషి కూరలో ఉప్పు తగ్గించుకుని గ్లాసులో తాగుతున్నట్టు అవుతుంది.

పక్షవాతాన్ని నిజంగా మార్చే ఖనిజం వంటింట్లో ఉంది

అది ఉప్పు. ఉప్పులోని సోడియం బీపీని పెంచుతుంది, పొటాషియం దాన్ని తగ్గిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలు. సుమారు ఒక టీ చెంచా. ఇందులో కూరలో వేసేదే కాదు, ఊరగాయ, అప్పడం, మిక్చర్, బిస్కెట్, బ్రెడ్, నిహారీ, హలీం అన్నీ కలిపి.

చైనాలోని 600 గ్రామాల్లో 20,995 మందితో జరిగిన పెద్ద ట్రయల్ ఫలితం 2021లో వచ్చింది. వీళ్లంతా ఒకసారి స్ట్రోక్ వచ్చినవాళ్లు, లేదా 60 దాటి బీపీ ఉన్నవాళ్లు. సగం గ్రామాలకు మామూలు ఉప్పు. మిగతా సగానికి మూడొంతుల మామూలు ఉప్పులో ఒక వంతు పొటాషియం ఉప్పు కలిపినది ఇచ్చారు. దాదాపు ఐదేళ్ల తర్వాత చూస్తే ఉప్పు మార్చిన గ్రామాల్లో స్ట్రోక్‌లు 14 శాతం, మరణాలు 12 శాతం తక్కువ. ఏటా ప్రతి వెయ్యి మందిలో 34 స్ట్రోక్‌లు వచ్చేచోట 29 వచ్చాయి. విటమిన్ డబ్బాల్లో చాలావాటికి సాధ్యం కానిది ఉప్పు డబ్బాతో అయింది.

ఇలాంటి ప్రయోగం తెలంగాణలో కూడా జరిగింది. సిద్దిపేట జిల్లాలోని ఏడు గ్రామాల్లో బీపీ ఉన్న 502 మందికి మూడు నెలల పాటు ఉప్పు మార్చి చూశారు. పొటాషియం కలిపిన ఉప్పు వాడినవాళ్లలో పై బీపీ సగటున 4.6 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. రుచి విషయంలోనూ పెద్ద ఇబ్బంది రాలేదు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తక్కువ సోడియం ఉన్న ఇలాంటి ఉప్పును ఇళ్లలో వాడొచ్చని సూచించింది.

అయితే ఇది అందరికీ కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, పిల్లలు, గర్భిణులకు ఆ సూచన వర్తించదు. ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరోనొలాక్టోన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లలో పొటాషియం పెరిగే అవకాశం ఉంది కాబట్టి ముందు డాక్టర్‌ను అడగాలి. రక్తంలో పొటాషియం మరీ పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. ఇంట్లో ఒక్కరికి కిడ్నీ సమస్య ఉన్నా ఆ ఉప్పు అందరి కూరలో పడుతుందని మర్చిపోకూడదు. పొటాషియం మాత్రలైతే సొంతంగా అసలే కొనకూడదు.

ఎవరు మరీ జాగ్రత్తగా ఉండాలి?

రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లు. వార్ఫరిన్, ఆసిట్రోమ్ లాంటివి వేసుకునేవాళ్లకు విటమిన్ కె ఉన్న మల్టీవిటమిన్ మందు బలాన్ని తగ్గిస్తుంది. విటమిన్ ఈ రక్తస్రావాన్ని పెంచుతుంది. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్లూ విటమిన్ ఈ, చేపనూనె మాత్రల గురించి డాక్టర్‌కు చెప్పాలి.

ములేఠీ, అంటే అతిమధురం కలిసిన కషాయాలు, చూర్ణాలు వాడేవాళ్లు. ఇది ఎక్కువైతే ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. దేశీ మందే కదా అని రోజూ తాగకూడదు.

రంజాన్‌లో మందులు ఆపేసేవాళ్లు. రోజా ఉండేవాళ్లు నెల ముందే డాక్టర్‌ను కలిస్తే చాలా బీపీ మాత్రలను సహరీకో, ఇఫ్తార్‌కో మార్చి రాస్తారు. పగలు వేసుకోలేకపోయామని మొత్తానికే మానేసి, బలానికి విటమిన్ మాత్ర వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన మార్పిడి.

డబ్బా కొనేముందు ఏం చూడాలి?

మన దేశంలో అమ్మే హెల్త్ సప్లిమెంట్ల లేబుల్ మీద ఇవి మందుగా వాడటానికి కాదు అని రాయాలన్నది నిబంధన. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కింద అవి ఆహార పదార్థాలే గానీ మందులు కావు. జబ్బును నయం చేస్తుందని, రాకుండా ఆపుతుందని చెప్పి అమ్మితే ఆ మాటను నమ్మకూడదు.

క్యాప్సూల్ పైతొడుగు ఎక్కువగా జెలటిన్‌తో చేస్తారు. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. అందుకే చాలా కుటుంబాలు హలాల్ గుర్తు చూస్తాయి, లేదంటే మొక్కల నుంచి చేసిన తొడుగు ఉన్నది ఎంచుకుంటాయి. అది మంచి అలవాటు. దానికి ఇంకో ప్రశ్న కూడా కలపాలి. ఇది అసలు అవసరమా?

ఆ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ, గల్ఫ్ నుంచి వచ్చినవి, దవాఖానా చూర్ణాలతో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టర్ ముందు పెట్టడం సులువైన మార్గం. మూడు నాలుగు డబ్బాల్లో ఒకే విటమిన్ ఉండి మోతాదు మూడింతలు అవుతున్న సంగతి అప్పుడే బయటపడుతుంది.

స్ట్రోక్ గుర్తులు కనిపిస్తే

మూతి ఒక పక్కకు వంకరపోవడం. రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి కిందికి జారిపోవడం. మాట ముద్దగా రావడం, చెప్పింది అర్థం కాకపోవడం. ఉన్నట్టుండి చూపు పోవడం, తూలిపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి రావడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గుర్తులు మొదలైన టైము రాసిపెట్టుకోవాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. గుర్తులు పది నిమిషాల్లో వాటంతట అవే తగ్గిపోయినా వెళ్లాల్సిందే. అది పెద్ద స్ట్రోక్‌కు ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు.

ఆసుపత్రికి వెళ్లేలోపు నీళ్లు, తేనె, మాత్ర ఏదీ నోట్లో వేయకూడదు. మింగలేక ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆస్పిరిన్ కూడా ఇవ్వకూడదు. గడ్డ అడ్డుపడిందో, నరం చిట్లిందో స్కాన్ చూస్తే గానీ తెలియదు. చిట్లి ఉంటే ఆస్పిరిన్‌తో రక్తస్రావం పెరుగుతుంది.

ఇక రాకుండా చూసుకోవడానికి ఇంట్లో చేయగలిగినవి ఖరీదైనవేమీ కావు. నెలకోసారి బీపీ చూపించుకుని కాగితం మీద రాసుకోవడం. తగ్గిందని బీపీ మాత్ర ఆపకపోవడం, ఎందుకంటే తగ్గింది ఆ మాత్ర వల్లనే. షుగర్, కొలెస్ట్రాల్ మందులు టైముకు వేసుకోవడం. పొగ, జర్దా మానేయడం. దస్తర్‌ఖాన్ మీద ఊరగాయ, అప్పడం తగ్గించి పండ్లు, ఆకుకూర పెంచడం. రోజూ అరగంట నడవడం.

గల్ఫ్ నుంచి ఫోన్ చేసే కొడుకు "అమ్మీ, డబ్బా అయిపోయిందా, ఇంకోటి పంపాలా?" అని అడుగుతాడు. దానికి ముందు అడగాల్సిన మాట ఇంకోటి ఉంది. "అమ్మీ, ఈ రోజు బీపీ మాత్ర వేసుకున్నావా?"